ఊడ వేరు, వేరు వేరు

"మనం తినే వేర్లు: ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, వేరుశనగ" అని నల్లబల్ల మీద రాశాను. నాలుగో పేరు రాసి సుద్దముక్క కింద పెట్టేలోపే చివరి వరసలోంచి ఒక గొంతు లేచింది.

"శెనక్కాయ వేరు కాదు మేడం. అది ఊడ."

కదిరి పక్క పల్లె. నాలుగో తరగతి. పిల్లోడికి తొమ్మిదేళ్లు. నేను పుట్టి పెరిగింది టౌనులో. శెనక్కాయల్ని అంగడి ముందు మూటల్లో చూశానే గాని చేన్లో చెట్టు పెరికి చూసిన పాపాన పోలేదు. పేరులోనే వేరు ఉందిగదా అని రాసేశాను. అదే వాడితోనూ అన్నాను.

"ఆ పేరు పుస్తకంలో మేడం. మా చేన్లో అది శెనక్కాయే. పూవు వాడినంక సూది మాదిరి ఒకటి కిందికి దిగుతాది. మట్టిలోకి పోయి దాని కొనన కాయ కాస్తాది. ఊడలు దిగినంక గుంటక తోలగూడదంటాడు మా నాయన."

పిల్లలు నవ్వారు. వాడిని చూసి కాదు.

నేను ఎస్జీటీగా చేరి 14 ఏళ్లు. మూడు నుంచి ఐదు తరగతులకు పరిసరాల విజ్ఞానం చెప్పడంలో లెక్కలకంటే, తెలుగుకంటే ఎక్కువసార్లు నేను ఓడిపోయింది మొక్కల పాఠాల్లోనే. చేన్లో పుట్టి పెరిగే పిల్లలకు చెట్టు గురించి పుస్తకం చూసి చెప్పబోవడం, ఈతగాడికి ఒడ్డున నిలబడి ఈత నేర్పినట్టే ఉంటుంది.

మరుసటి రోజు పొద్దున ఆ పిల్లోడు తడి తువ్వాల్లో చుట్టి ఒక శెనక్కాయ చెట్టు తెచ్చాడు. మొదట్లో మట్టి కూడా అట్లాగే ఉంది. బడికొకటి, ఇంటికొకటి పీక్కుంటా పోతే పంటెట్లొస్తాదని వాళ్ల నాయన తిట్టాడట. బల్ల మీద పాత పేపరు పరిచి చెట్టును పడుకోబెట్టాం. రెండు తరగతుల పిల్లలూ చుట్టూ మూగారు. అప్పుడు చూశాను నేను కూడా, మొదటిసారి. ఒకే చెట్టు మీద పూవు నుంచి కాయ దాకా అన్ని ఈడులూ ఉన్నాయి. ఆకు పంగలో పసుప్పచ్చ పూవు. దాని పక్కనే నిన్నటి పూవు, వాడి ముడుచుకుపోయింది. ఇంకో కణుపు దగ్గర ఊదారంగు పూసినట్టున్న సన్నటి మొన, గాలిలోనే కిందికి చూస్తూ వేలాడుతోంది. దానికంటే పెద్దది మట్టిలో దిగి ఉంది. మట్టి విదిలిస్తే కొన దగ్గర బియ్యపు గింజంత ఉబ్బు. ఇంకోదానికి తెల్లటి లేత కాయే ఉంది.

పాఠం అక్కడే అయిపోయింది. నేను చెప్పాల్సింది కొంచెమే మిగిలింది. ఈ పూవు పొద్దున విచ్చి ఆ పూటకే వాడిపోతుందనీ, దాని పుప్పొడి దానికే సరిపోతుందనీ, ఆ తర్వాత పూవు అడుగున ఉండే అండాశయం కింద కాడ సాగడం మొదలుపెట్టి, గింజ కాబోయేదాన్ని మొనలో మోసుకుంటూ మట్టిలోకి దిగుతుందనీ చెప్పాను. వేరైతే నీళ్లు తెస్తుంది. ఇది పిందెను మోసుకుపోయే కాడ. నల్లబల్ల మీది నాలుగో పేరును ఆ పిల్లోడి చేతనే చెరిపించాను.

అప్పుడే ఒక పాప వేర్ల దగ్గర వేలు పెట్టి, "ఈ గుండ్లేంది మేడం? పిల్ల శెనక్కాయలా?" అంది. వేర్లకు ఆవగింజలంత బుడిపెలు అంటుకుని ఉన్నాయి. వీటి సంగతి నాకు తెలుసు. ఉత్సాహంగా బ్లేడు తెచ్చి ఒకదాన్ని రెండుగా కోశాను. లోపల గులాబి రంగు. గాలిలో ఉండే నత్రజనిని చెట్టుకు పనికొచ్చేటట్టు మార్చే బ్యాక్టీరియా ఆ బుడిపెల్లో కాపురం ఉంటాయనీ, ఆ రంగునిచ్చే పదార్థం మన రక్తంలో ఎరుపునిచ్చేదానికి చుట్టమనీ చెప్పాను. చుట్టం అనే మాట ఎవరూ వినలేదు. సాయంత్రానికి ఊరంతా శెనక్కాయ చెట్టుకు రక్తం ఉందట. మర్నాడు ఒక అవ్వ గేటు దగ్గర నిలబడి, "ఏమ్మా, శెనక్కాయలు తింటే పాపమంటనా?" అని అడిగింది. నవ్వొచ్చింది గాని తప్పు నాదే. పిల్లలకు పోలిక చెబితే పోలిక పోయి వస్తువు మిగులుతుంది. అప్పటినుంచి 'లాంటిది' అన్న మాటను రెండుసార్లు పలుకుతున్నాను.

ఇన్నేళ్లలో నేను గమనించింది ఒకటుంది. చెట్ల గురించి పిల్లలడిగే ప్రశ్నల్లో సగం చెట్టు దగ్గర పుట్టవు, పేరు దగ్గర పుడతాయి. మా వైపు ఉల్లిపాయ ఎర్రగడ్డ, వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ, చిలగడదుంప గెనుసుగడ్డ. పుస్తకమేమో ఉర్లగడ్డ కాండమనీ, గెనుసుగడ్డ వేరనీ, ఎర్రగడ్డలో మనం తినేది ఆకుల మొదళ్లనీ చెబుతుంది. "అన్నీ గడ్డలే కదా మేడం?" అని పిల్లలు అడిగితే తప్పెక్కడుంది? నిర్వచనం రాయించి నేర్పిద్దామని మొదట్లో చాలా తంటాలు పడ్డాను. వాళ్లు రాశారు, పరీక్షయ్యాక మరిచారు.

ఇప్పుడు నిర్వచనం జోలికి పోను. తలా ఒక గడ్డ ఇంటినుంచి తెమ్మంటాను. ఉర్లగడ్డ మీద కన్నులెక్కడెక్కడున్నాయో సుద్దతో చుక్కలు పెట్టమంటాను. అవి కొమ్మకు కణుపులున్నట్టు ఒక వరసలో చుట్టుకుంటూ పోతాయి, ఒక్కో కన్ను నుంచి మొలక వస్తుంది. అందుకే కన్ను ఉన్న ముక్క నాటితే చెట్టవుతుంది. గెనుసుగడ్డ మీద అట్లాంటి వరస ఎంత వెతికినా దొరకదు. ఎర్రగడ్డను పొరలుపొరలుగా విప్పితే చివరికి అడుగున బిళ్లలాంటి చిన్న ముక్క మిగులుతుంది. కాండమంటే అంతే. మిగతాదంతా ఆకుల మొదళ్లే. ఇది చేసేటప్పుడు తరగతిలో సగంమంది కళ్లల్లో నీళ్లు. ఆ పాఠం మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

అన్నింటికంటే నన్ను ఇరకాటంలో పెట్టిన ప్రశ్న ఐదో తరగతి పాప అడిగింది. బడి ఆవరణలో మాకొక పెద్ద చింతచెట్టుంది. "ఇంత లావు చెట్టు మట్టిలోంచే వచ్చుంటే, దీని కింద ఇంతలావు గుంత పడుండాల కదా మేడం. గుంత యాడ?"

కిరణజన్య సంయోగక్రియ అన్న మాటను మా పిల్లలు ఒక్క గుక్కలో తడబడకుండా పలుకుతారు. నమ్మేవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఎరువు వేస్తే చెట్టు పెరుగుతుందని రోజూ చూసేవాళ్లు, చెట్టు గాలి తిని లావవుతుందంటే ఎట్లా నమ్ముతారు?

ఇదే ప్రశ్న బ్రస్సెల్స్‌లో వాన్ హెల్మాంట్ అనే ఆయన్నీ పట్టుకుంది. దాదాపు 90 కిలోల ఎండిన మట్టిని తూచి తొట్టిలో పోసి, రెండు కిలోల పైచిలుకు బరువున్న విల్లో మొక్కను నాటి, 5 ఏళ్లపాటు నీళ్లు తప్ప ఇంకేమీ వెయ్యలేదు. చివరికి చెట్టు దాదాపు 76 కిలోలు తూగింది. మట్టిని ఎండబెట్టి తూస్తే తరిగింది గుప్పెడు కూడా కాదు. చెట్టంతా నీళ్లలోంచే వచ్చిందని తేల్చాడాయన. ఆయన చనిపోయాక 1648లో అచ్చయిన పుస్తకంలో ఇదంతా ఉంది. గాలిని లెక్కలోకి తీసుకోలేదు.

"అయితే ఆయనక్కూడా తప్పు పోయినాదా మేడం?" అని అడిగారు పిల్లలు. వాళ్ల ముఖాల్లో కనబడిన సంతోషం ఇంతా అంతా కాదు. వేరుశనగ గుర్తొచ్చి నాకూ కొంచెం ఊరట కలిగింది.

కథ బాగుంది గాని నమ్మకం కుదిరింది దానితో కాదు. మధ్యాహ్న భోజనం వండే అక్కను అడిగాను, మోపు కట్టెలు కాలితే బూడిద ఎంతొస్తుందని. "దోసెడు" అంది. పిల్లలకూ అది తెలిసిందే, ఇళ్లల్లో పొయ్యి ఊడ్చేది వాళ్లే. మట్టి ఇచ్చింది ఆ దోసెడే అన్నాను. మిగతా కట్టె అంతా గాలి నుంచీ నీళ్ల నుంచీ వచ్చి, మళ్లీ పొగగా ఆవిరిగా గాలిలోకే పోయింది. గుంత అడిగిన పాప చింతచెట్టు వైపు చాలాసేపు చూసి, "గాలికి బరువుంటాదా మేడం?" అంది. దానికి ఇంకో వారం పట్టింది. అది వేరే గొడవ.

ఊడ సంగతి అక్కడితో అయిపోలేదు. "మట్టి తగలకపోతే కాయ కాయదా?" అని పిల్లోడు మళ్లీ పట్టుకున్నాడు. పాత పెయింటు డబ్బాలో చెట్టు పెంచాం. దిగబోయే రెండు ఊడల కింద పగిలిన పలక ముక్కలు అడ్డంగా పెట్టాడు. ఒక ఊడ పలక మీద పడి కొన్నాళ్లు అట్లాగే ఉండి కొన ఎండిపోయింది. రెండోది పలక అంచుదాకా పాకి, అక్కడ వంగి మట్టిలో దూరింది. దాన్ని చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు, కబడ్డీలో గీత తాకి వచ్చినవాడికి కొట్టినట్టు. డబ్బా చెట్టుకు చివరికి ఐదు కాయలు. వాటిని పంచడంలో జరిగిన పంచాయితీ చెప్పాలంటే ఇంకో వ్యాసం కావాలి.

ఆ ఫిబ్రవరిలో పిల్లల్ని తిమ్మమ్మ మర్రిమాను చూపించడానికి తీసుకుపోయాం. కదిరికి 25 కిలోమీటర్ల దూరం, గూటిబైలు. దాదాపు 5 ఎకరాలు పరుచుకున్న చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మొదట నాటిన మాను ఏదని పిల్లలు అరగంట వెతికారు. ఊడలే మానులైపోయాక ఏది ఏదని చెప్తాం?

కింద రాలిన ఎర్రటి పండ్లను ఏరి చిదిపారు. లోపల నలుసులంత పురుగులు. "వేమన పద్యంలోవి ఇవే" అని అరిచిందొక పాప. వేమన సమాధి ఉన్న కటారుపల్లి మా వైపే, పద్యం వాళ్లందరికీ నోటికొస్తుంది. మర్రీ మేడీ ఒక కుటుంబమే. పూలన్నీ ఆ కాయ లోపలే దాక్కుని ఉంటాయనీ, ఆ బుల్లి కందిరీగలు లోపలికి దూరి పుప్పొడి చేరవేస్తేనే విత్తనం కడుతుందనీ చెప్పాను. ఆ పురుగులు రోత కాదు, పనివాళ్లు. "అయితే వేమనకు తెలీదా?" అని ఆ పాప. ఆయన చెబుతున్నది మనుషుల గురించని సర్ది చెప్పి బయటపడ్డాను.

మా శెనక్కాయ పిల్లోడు మాత్రం ఒక ఊడను రెండు చేతుల్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇంకా నేల అందలేదది, కొనన లేత వేళ్లు తెల్లగా ఉన్నాయి.

"ఇది వేరేనా మేడం?"

"ఇది వేరే. కొమ్మలోంచి వచ్చిన వేరు."

"మా చేన్లో ఊడేమో వేరు కాదు."

"కాదు."

"మరి రెంటికీ ఒకటే పేరు ఏంటికి?"

పైనుంచి వేలాడి నేలలోకి దిగేదేదైనా రైతు కంటికి ఊడే, అది వేరా కాడా అని ఆయన అడగడు అన్నాను. వాడు కాసేపు ఊడను ఊపుతూ ఆలోచించాడు. తర్వాత ముఖం వెలిగింది.

"అయితే మేడం, వేరుశనగ అంటే వేరు అని కాదేమో. పప్పుశనగ ఒకటుండాది కదా, ఇది దానికంటే వేరు. వేరే శనగ!"

బస్సు హారను కొడుతోంది. వాడు ఊడను వదిలేసి పరిగెత్తాడు. అది కాసేపు అట్లాగే ఊగుతూ ఉంది.