శుక్రవారం తెరవని తలుపు

"ఒమన్‌ల ఏముంటది బిడ్డా? ఒకదిక్కు సముద్రం, ఇంకోదిక్కు ఇసుక, నడుమ రోడ్డు."

మస్కట్‌లో పదేళ్లు నీళ్ల ట్యాంకర్ నడిపొచ్చిన మా నాన్న చెప్పిన ట్రావెల్ గైడ్ అంతే! బోరబండలో మా రెండు గదుల ఇల్లు, నా ఇంజినీరింగ్ ఫీజు ఆ ట్యాంకర్ మీదే వచ్చాయి. హైటెక్ సిటీలో నా ఉద్యోగం కుదురుకున్నాక, మొన్న జనవరిలో ఆయన్ని మళ్లీ తీసుకెళ్లా. ఈసారి టూరిస్టుగా.

ముందు సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదుకు వెళ్లాం. 2001లో తెరిచారు. కట్టడానికి మన దేశం నుంచే 3 లక్షల టన్నుల ఇసుకరాయి తెప్పించారట. ప్రార్థన మందిరంలో పరిచిన తివాచీ ఒకటే ముక్క. పొడవు 70 మీటర్లు, వెడల్పు 60 పైనే. ఇరాన్‌లో 600 మంది మహిళలు ఏళ్ల తరబడి నేశారు. తలెత్తితే 14 మీటర్ల షాండ్లియర్! నేను ఫొటోల హడావిడిలో ఉంటే నాన్న గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"రోజూ దీని ముంగట్నుంచే బండి తీస్కపోయేటోణ్ని."

"మరి ఒక్కసారీ రాలేదా?"

"మనసొంటోళ్లను పొద్దుగాల ఎనిమిది నుంచి పదకొండు దాంకనే రానిస్తరు. గప్పుడు డ్యూటీ. ఛుట్టీ శుక్రవారం. శుక్రవారమేమో రానియ్యరు."

ఇప్పటికీ అదే పద్ధతి. మీరు వెళ్తే శుక్రవారం పెట్టుకోకండి. ఆడవాళ్లు తల మీద చున్నీ కప్పుకోవాలి.

మర్నాడు సూర్ దారిలో బిమ్మా సింక్‌హోల్ చూశాం. సున్నపురాయి నేల కుంగి ఏర్పడ్డ గుంట, అడుగున పచ్చటి నీళ్లు. ఆకాశం నుంచి చుక్క రాలిపడిందని అక్కడివాళ్ల కథ. మెట్లు దిగి ఈత కొట్టొచ్చు. నాకు ఈత రాదు, కాళ్లు తడుపుకుని వచ్చేశా.

వహీబా ఎడారి మొదట్లో జీపు ఆపి డ్రైవర్ టైర్లలో గాలి తీస్తుంటే నాన్న కూడా దిగాడు. చక్రం మెత్తబడితే ఇసుకలో కూరుకుపోదట. నాలుగో టైరు ఆయనే చూసుకున్నాడు. సాయంత్రం దిబ్బ మీద చతికిలబడి అమ్మకు వీడియోకాల్ చేశాడు.

"ఏముంది ఆడ?" అంది అమ్మ.

"ఇసుక" అన్నాడు నాన్న. "మంచిగుంది."