వదినగారి నిమ్మచెట్టు

మా గోడకి అటు వదినగారు, ఇటు నేను, మధ్యలో వాళ్ళ నిమ్మచెట్టు. వేళ్ళు వాళ్ళవైపు, కొమ్మలు మావైపు. కాయలు ఎవరివన్న తగువు పదేళ్ళుగా తేలలేదు గానీ మాటలు మాత్రం ఏనాడూ ఆగలేదు. పదకొండయ్యేసరికి గోడమీద మోచేతులు ఆనించి, "ఏం కూరండీ ఇవాళ?" అంటుందావిడ.

మొన్న సెలవు రోజున వాళ్ళమ్మాయి అది విని పకపకా నవ్వింది. పోషకాహారంలో ఎమ్మెస్సీ చదువుతోంది లెండి. "అత్తయ్యా, రెండు నెలలుగా మేం బస్తీల్లో చేస్తున్న సర్వే ఇదే. నిన్న పొద్దుట్నుంచి ఏమేం తిన్నారో అడిగి రాసుకోవడం" అంది. మా తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక్క గదిలో పుట్టి, 1958లో హైదరాబాదు చేరింది. ఆ ప్రహరీ పక్కనుంచి ఇన్నేళ్ళూ కూరగాయల సంచీ మోసుకుంటూ నడిచానే గానీ, ఏం కూర అని అడగడం కూడా ఒక శాస్త్రమని తెలిస్తేనా!

"మొదటి వారం ఒక్కరూ నిజం చెప్పలేదు. అందరూ పప్పు, కూర, పెరుగు అన్నారు. మా కాగితాలు చూస్తే బస్తీలో ఆకలన్నదే లేదు" అంది పిల్ల.

నాకు నవ్వొచ్చింది. నెలాఖరున పచ్చడి మెతుకులు తిన్న రోజున నేను మాత్రం వదినగారికి ఏం చెప్పాను? "ఏదో, ములక్కాడ సాంబారు" అనేగా! ఆ మాట పైకే అనేశాను. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుంది. "నేనూ అంతేలెండి" అంది కాసేపాగి.

తర్వాత వాళ్ళకి పాఠాలు చెప్పే మేడమ్‌గారు దారి చెప్పారట. ఏం తిన్నావని మొదలెట్టకు, ఎన్నింటికి లేచావని అడుగు. లేచాక టీ తాగావా, పనిలోకి ఎప్పుడు వెళ్ళావు, మధ్యలో ఎక్కడ కూర్చున్నావు... అలా రోజంతా వెంట నడిస్తే తిండి సంగతి దానంతటదే బయటికొస్తుంది. చేతిలో చిన్నా పెద్దా స్టీలు గిన్నెలు. "ఈ గిన్నెతోనా, దీంతోనా?" అని చూపించడం. అలా అడిగాక తేలింది, చాలామంది ఆడవాళ్ళ పొద్దుటి టిఫిను ఉత్త టీయేనని.

కోనసీమ పుట్టింటి గొప్ప చెప్పకుండా వదినగారుండలేదు. "మా లంకలగన్నవరంలో డొక్కా సీతమ్మగారు గిన్నెలు కొలిచి పెట్టిందా? వచ్చినవాడికల్లా విస్తరి వేసింది. అందుకే ఆంధ్రాలో బడి భోజనానికి ఆవిడ పేరు పెట్టుకున్నారు."

"ఆవిడ దగ్గరికి ఆకలని చెప్పుకునే వచ్చేవారమ్మా. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే కోడలు ఎవరికి చెప్పుకుంటుంది?"

వదినగారి దగ్గర దీనికి జవాబు లేదు. నా దగ్గరా లేదు.

తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి పేరుతో అంగన్‌వాడీలో గర్భిణులకీ బాలింతలకీ ఒక పూట నిండు భోజనం, ఒక గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. అవి అక్కడే కూర్చుని తినాలి. ఇదేం పట్టింపని నేను విసుక్కునేదాన్ని. ఇంటికి పట్టుకెళితే గుడ్డు పెద్దపిల్లాడికీ పాలు అత్తగారి టీలోకీ పోతాయట. బాలామృతం చూడండి. గోధుమలు, శనగపప్పు, పాలపొడి కలిపిన పొడి. పసివాడికి నెలంతా రావలసిన రెండున్నర కిలోల ప్యాకెట్టు. ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే తల్లి ఒక్కడికే కలిపి పెట్టగలదా? ఆ తల్లిని తప్పుపట్టేవాళ్ళతో నాకు మాటల్లేవు.

ఈ సర్వే పిల్లలు అయిదు రూపాయల భోజనం దగ్గరికీ వెళ్ళారట. జీహెచ్‌ఎంసీ వాళ్ళు 2014లో మొదలుపెట్టింది. ఎంత అన్నం వృథా అవుతోందో తూకం వేయమని పంపారు. "తూకం వేయడానికేమీ లేదత్తయ్యా. పారేసినవాళ్ళు లేరు" అంది. ఆ తర్వాత సంచీలోంచి టేపు తీస్తే, జాకెట్టు కొలతా అన్నాను. కాదు, అయిదేళ్ళలోపు పిల్లల జబ్బ కొలిచేది. పదకొండున్నర సెంటీమీటర్లలోపు ఎర్రరంగు. ఆ రంగులోకి వచ్చిన పిల్లాణ్ణి వెంటనే డాక్టరుకి చూపించాలి. అదెంత లావో నా వేళ్ళతో చుట్టి చూసుకున్నాను. చూసుకోకుండా ఉండాల్సింది.

2019–21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతేనట. భోజనంలో పప్పూ ఆకుకూరా ఉన్నా, చెయ్యి కడుక్కోగానే టీ తాగేస్తున్నారు. దాంతో తిన్న ఇనుము వంటికి సరిగా పట్టదు. గంట ఆగమని ఈ పిల్లలు బతిమాలుతున్నారు. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఆకుకూరల్లోని ఇనుము బాగా పడుతుందని కూడా చెబుతున్నారు.

"చెబుతున్నారు సరే, నిమ్మకాయలెవరిస్తారు?" అంది వదినగారు.

ఇద్దరం చెట్టువైపు చూశాం.

సోమవారం అటువైపువి ఆవిడ, ఇటువైపువి నేను కోశాం. లెక్కపెడితే 63. అన్నీ అంగన్‌వాడీకి వెళ్ళాయి. మీ గోడమీద కూడా చెట్టుంటే, ఈ ఏడాది ఊరగాయ కాస్త తక్కువ పెట్టుకోండి.