చలికాలంలో సముద్రం, అష్టమి, 600 యూరోలు

అమ్మానాన్నలు యూరప్ వస్తున్నారంటే మనవాళ్ళందరూ ఇచ్చే సలహా ఒకటే. ఐఫిల్ టవరు, స్విస్ మంచుకొండ, వెనిస్ పడవ, పది రోజుల్లో ఏడు దేశాలు. బస్సు దిగు, ఫొటో తీసుకో, బస్సెక్కు. ఆఫీసులో ఇద్దరు ముగ్గురు తమ ఎక్సెల్ షీట్లు కూడా పంపించారు. చూస్తే మా స్ప్రింట్ ప్లాను కన్నా భయంకరంగా ఉన్నాయి.

అమ్మకి మోకాళ్ళ నొప్పులు. పారిస్ మెట్రో మెట్లు నాలుగు రోజులు ఎక్కించి దించితే అయిదో రోజు మంచం దిగదు. అందుకని మా ఆవిడా నేనూ అనుకున్నది ఇదీ: పారిస్ ఎలాగూ మేముండే ఊరే, నెమ్మదిగా చూస్తారు. బయటికి వెళ్ళేది ఒక్క ఊరికే. మూడు రాత్రులు. నలుగురికీ కలిపి 600 యూరోలు, దాటకూడదు.

ఏ ఊరన్నది తేలడానికి రెండు వారాలు పట్టింది. జనవరిలో కాస్త ఎండ కావాలంటే నీస్ వెళ్ళాలి, కానీ రైల్లో అయిదున్నర గంటలు పైమాట. సెయింట్ మాలో (ఇక్కడివాళ్ళు సాఁ మాలో అంటారు) అయితే మోఁపర్నాస్ స్టేషన్లో ఎక్కితే సుమారు రెండుంపావు గంటల్లో దిగొచ్చు. ఎండకి గ్యారంటీ లేదు. పగలు ఎనిమిది తొమ్మిది డిగ్రీలు, గాలి, చినుకులు. ఉదయం తొమ్మిదింటికి గానీ తెల్లారదు, సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి. ఇవన్నీ ఇబ్బందులే, చవక కావడానికి కారణాలూ అవే.

డబ్బుల విషయంలో నాకు అర్థమైన మొదటి సంగతి, ఇక్కడ ధర నిర్ణయించేది చలి కాదు, బడి సెలవులు. క్రిస్మస్ సెలవులు దేశమంతటికీ ఒకేసారి. ఆ తర్వాత ఫిబ్రవరి సెలవులు మాత్రం దేశాన్ని మూడు జోన్లు చేసి వంతులవారీగా ఇస్తారు. ఈ రెంటికీ మధ్య, జనవరిలో, మూడు నాలుగు వారాలు సముద్రం ఒడ్డు ఊళ్ళు ఖాళీగా ఉంటాయి. జనవరిలోనే ఇక్కడ సర్కారు తేదీలు పెట్టి మరీ నడిపించే డిస్కౌంటు అమ్మకాలు కూడా మొదలవుతాయి కాబట్టి అమ్మకి కోటు కూడా అప్పుడే కొనాలని మా ఆవిడ పట్టు. అది ఈ 600లో కాదు, వేరే ఖాతా :)

లెక్క ఇలా వచ్చింది. ముందుగా చూస్తే రైలు మనిషికి 29 యూరోలు కనబడింది, రానూపోనూ నలుగురికి 232. వంటగది ఉన్న చిన్న అపార్టుమెంటు రాత్రికి 80, మూడు రాత్రులకి 240. సరుకులకి 60. మిగిలింది 68. అరవై దాటినవాళ్ళకి రైల్వేవాళ్ళ 49 యూరోల కార్డొకటుంది, 30 శాతం తగ్గింపు. మా నలుగురిలో నాన్నగారికే వర్తిస్తుంది. ఆయన టికెట్లు 58, మిగిలేది 17. అంటే ఒక్క ప్రయాణానికి ఆ కార్డు దండగ.

బియ్యం, కందిపప్పు లా షపెల్ దగ్గర తమిళుల కొట్లలో కొనుక్కుని, చిన్న కుక్కరు సంచిలో పెట్టుకుపోవడమే. అమ్మ గుడ్డు కూడా ముట్టదు. అయినా బ్రెతాన్యె ప్రాంతం మనకి మరీ పరాయిదేం కాదు. అక్కడి గాలెత్ అంటే పెనం మీద పల్చగా పోసిన అట్టే, నల్లగోధుమ పిండిలో నీళ్ళు, ఉప్పు కలిపి పోస్తారు. కొన్ని హోటళ్ళలో పిండిలో గుడ్డు కలుపుతారు కాబట్టి అడిగి తెలుసుకోవాలి. లోపల చీజు చాలు, పంది మాంసం, గుడ్డు వద్దని చెప్పాలి. కూయిన్యమాన్ అని ఒక స్వీటుంది, అసలు పద్ధతిలో చేస్తే పిండి, వెన్న, పంచదార అంతే. ఆ 68 యూరోలు వీటికే.

ఫోన్లో చెబితే అమ్మ వందతో హెచ్చవేసింది. "అరవై వేలా? మూడు రోజులకా? ఆ డబ్బుతో కాశీ వెళ్ళి రామేశ్వరం కూడా చూసొస్తాం నాయనా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

అసలు చిక్కు డబ్బు కాదు. నాన్నగారిది దివిసీమ. 1977 నవంబరు 19 నాటికి ఆయనకి పన్నెండేళ్ళు. ఉప్పెన గురించి మాకు ఎప్పుడూ వరసగా చెప్పలేదు. ఒక చింతచెట్టు, ఒక తాడు, తెల్లారాక ఎవరెవరు కనబడలేదో... అన్నీ ముక్కలే, అవీ మా నాయనమ్మ నోట విన్నవి. విశాఖ వెళ్ళినా ఆయన బీచి రోడ్డు మీద నించుంటారు గానీ ఇసకలోకి దిగరు. సెయింట్ మాలో చూస్తేనేమో ఆటుపోట్లకి పేరుపడ్డ ఊరు. విశాఖలో పోటుకీ పాటుకీ తేడా మీటరున్నర అటూ ఇటూ ఉంటుంది. అక్కడ పెద్ద రోజుల్లో పన్నెండు మీటర్ల పైన. నాలుగంతస్తుల మేడంత నీళ్ళు రోజుకి రెండుసార్లు వచ్చి పోతాయి. గాలి తోడైతే కెరటాలు కట్ట దాటి రోడ్డు మీద పడతాయి. అది చూడ్డానికే పనిగట్టుకుని జనం వస్తారు.

ఊరు మార్చేద్దామని మా ఆవిడతో అన్నాను. "ఆయన తరఫున మనం భయపడితే ఎలా, అడుగు" అంది. అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటే ప్రశ్నలు. గోడ ఉందా? ఉంది నాన్నగారూ, ఊరి చుట్టూ కోటగోడ. 1944 యుద్ధంలో లోపలి ఊరు చాలావరకు నేలమట్టమైంది, గోడ మాత్రం నిలబడింది. తర్వాత ఇళ్ళన్నీ పాత పద్ధతిలోనే రాతితో మళ్ళీ కట్టారు. నీళ్ళు ఎప్పుడొస్తాయో ముందే తెలుస్తుందా? నిమిషాలతో సహా పట్టిక వేస్తారు. ప్రతి పోటుకీ 20 నుంచి 120 దాకా ఒక అంకె ఇస్తారు, పెద్దదైతే పెద్ద పోటు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకట్రెండు రోజులకి పెద్దవి, అష్టమి దాటాక చిన్నవి.

"అయితే అష్టమి చూసుకుని పెట్టు" అంటారనుకున్నాను. పట్టిక పంపమన్నారు.

రెండు రోజులకి ఆయనే ఫోన్ చేశారు, పంచాంగం పక్కన పెట్టుకుని. పట్టికలో నేను గమనించనిది ఆయన గమనించారు. ఆ ఊళ్ళో పెద్ద పోట్లు ఎప్పుడూ ఉదయం ఏడెనిమిదికీ, రాత్రి ఏడెనిమిదికీ దగ్గర్లోనే వస్తాయి. అంటే జనవరిలో రెండూ చీకట్లోనే. పట్టపగలు ఒంటిగంటా రెండుకి సముద్రం అన్నిటికన్నా దూరంగా పోయి ఉంటుంది. గోడకి ఎదురుగా గ్రాఁ బే అని చిన్న దీవి, పైన షతోబ్రియాఁ అనే రచయిత సమాధి. నీళ్ళు తగ్గినప్పుడు దాకా నడిచి వెళ్ళొచ్చు, టికెట్టు లేదు. ఆలస్యం చేస్తే గంటల తరబడి అక్కడే ఉండిపోవాలి. అష్టమి రోజుల్లో దారి తేలేది తక్కువసేపు, పౌర్ణమి దాటాక చాలాసేపు.

"ఒరేయ్, పెద్ద రోజే పెట్టు. అది వెళ్ళిపోయినప్పుడు దాని నేల ఎలా ఉంటుందో చూస్తాను. నాలుగింటికల్లా ఇంట్లో ఉందాం" అన్నారు.

దాంతో తేదీలు తేలిపోయాయి. కెరటాలు కిటికీలోంచి కనబడే ఇల్లు మా ఆవిడకి బాగా నచ్చింది గానీ దాన్ని వదిలేసి గోడ లోపలే చూస్తున్నాం. యుద్ధం తర్వాత కట్టిన ఆ ఇళ్ళలో చాలావాటికి లిఫ్టుండదు. అమ్మ మోకాళ్ళకి మొదటి అంతస్తు దాటకూడదు, నాన్నగారేమో కింది అంతస్తు వద్దంటున్నారు. అచ్చంగా మొదటి అంతస్తులోనే ఉన్నది ఒకటి దొరికింది, రాత్రికి 86. పెరిగిన 18 యూరోలూ గాలెత్ లెక్కలోంచి తీశాను.