రామతీర్థం రాళ్ళు - మీ అరికాళ్ళు

విజయనగరం జిల్లా నెల్లిమర్ల దగ్గరి రామతీర్థం వెళుతున్నారా? రాములవారి దర్శనమయ్యాక బోధికొండ ఎక్కుతారు, గురుభక్తులకొండ మీది బౌద్ధ శిథిలాలు చూస్తారు. ఎండకు కాగిన రాతిమీద వట్టికాళ్ళతో అడుగేస్తే చుర్రుమంటుంది. ఆ చురుకే మీకు రక్ష. వెంటనే కాలు తీసేస్తారు. మధుమేహం ముదిరినవారికి ఆ స్పర్శ తగ్గిపోవచ్చు. బొబ్బ లేచినా తెలియదు. అది పుండై ముదిరితే కాలికే ముప్పు.

కనుక షుగరున్నవారు ఎండ ముదరకముందే కొండ దిగండి. గుడి దగ్గర చెప్పులు విడిచినా నూలు మేజోళ్ళు ఉంచుకోండి. ఇంటికి రాగానే పాదాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడిచి, అద్దంలో అరికాళ్ళు పరీక్షించుకోండి.

అరికాలు నొక్కితే గుండె, కాలేయం జబ్బులు నయమవుతాయనే ‘రిఫ్లెక్సాలజీ’కి సరైన రుజువు లేదు. మెల్లగా మర్దన చేస్తే బడలిక తీరుతుంది, అంతే! పుండుంటే మర్దన మాని డాక్టరుకు చూపించండి.