పాత జీపు కొనే ముందు లెక్క చూసుకోండి

మా బావ కాఫీ, మిరియాల డబ్బులతో 12 ఏళ్ల పాత డీజిల్ జీపు 2,40,000కి తీసుకున్నాడు. నొప్పులొచ్చిన ఆడవాళ్లను పాడేరు ఆసుపత్రికి చేర్చేది ఇప్పుడు అదే. ఇంట్లో బిల్లులు చదివేది నేనే. ఏడాదిలో క్లచ్, బ్రేకులు, రేడియేటర్, టైర్లకు 70,000 అయింది.

ఘాట్‌లో హాఫ్ క్లచ్‌తో ఎక్కిస్తే ప్లేటు తొందరగా అరిగిపోతుంది. చిన్న గేరులో దిగకపోతే బ్రేకులు కాలిపోతాయి. కూలెంట్ తగ్గితే ఇంజిన్ వేడెక్కి హెడ్ గ్యాస్కెట్ పోతుంది. కొనేముందు చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయించి పొగ చూడండి. నీలంగా వస్తే ఆయిల్ కాలుతున్నట్టే.

ఉన్న డబ్బంతా బండికే పెట్టేయకండి అన్నా, నాలుగో వంతు రిపేర్లకు దాచండి. అర్ధరాత్రి అవసరమొస్తే బండి స్టార్ట్ అవ్వాలి కదా.