నలుపొక్కటే చాలదు
మధ్యప్రదేశ్ పడమటి కొసన, గుజరాత్ సరిహద్దును ఆనుకుని ఉన్న గుట్టల జిల్లా ఝాబువా. ఇక్కడి భిల్లుల వాకిళ్లలో తిరిగే కోళ్లకు చర్మం, మాంసం, ఎముకలు అన్నీ నలుపే. అదే కడక్‌నాథ్. స్థానికులు కాలీమాసీ అంటారు. అంటే నల్ల మాంసమున్నదని.

2018లో ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2022లో క్రికెటర్ ధోనీ రాంచీ ఫామ్‌కు ఇక్కడి నుంచే 2,000 పిల్లలు వెళ్లాయి. గిరాకీతో పాటే కల్తీ భయమూ పెరిగింది.

చిక్కంతా రంగుతోనే. ఒంటి నలుపునిచ్చే జన్యువుది పైచేయి. మామూలు నాటుకోడితో కలిసినా మొదటి తరంలో కొన్ని నల్లగానే పుడతాయి. గుట్టు తర్వాతి తరంలో బయటపడుతుంది. అప్పటికి కొన్నవాడి డబ్బు పోయి ఉంటుంది.

అందుకే విత్తనపు కోళ్లను ఎంచేటప్పుడు ఈకలతో ఆగకూడదు. తురాయి, నాలుక ఊదా ఛాయలో, ముక్కు, కాళ్లు, అరికాళ్లు పలక రంగులో ఉండాలి. మెడపై బంగారు ఈకలుంటే తోసిపుచ్చనక్కర్లేదు. అచ్చ నలుపు, పెన్సిల్, బంగారు అని జాతిలోనే మూడు రకాలున్నాయి. గుడ్డు మాత్రం లేత గోధుమ రంగే. నల్ల గుడ్డు చూపించి అమ్మేవాడిని నమ్మకూడదు.

వీలైతే తల్లిదండ్రుల మందను చూడాలి. పుంజులను, పెట్టలను ఒకే గూటి నుంచి తీసుకోకూడదు. రక్తసంబంధం దగ్గరైతే గుడ్లు సరిగా పొదగవు, పిల్లలు నిలవవు. కడక్‌నాథ్ పెట్టలు పొదుగుకు అంతగా కూర్చోవు కనుక ఇంక్యుబేటర్ ఖర్చూ లెక్కలోకి రావాలి.

నకిలీ పిల్లతో నష్టపోయేది కొన్న రైతు ఒక్కడే కాదు. తరతరాలుగా ఈ జాతిని కాపాడిన గిరిజనుల పేరు కూడా.