ఉంచుకొనేవారు, వదులుకొనేవారు

ఆట మైదానంలో జరిగేది కొద్ది గంటలే. మిగిలిన ఏడాది పొడుగునా అది అభిమానుల మాటల్లోనే సాగుతూ ఉంటుంది. ఎవరిని జట్టులో ఉంచుకోవాలి, ఎవరిని సాగనంపాలి, నాయకత్వం ఎవరి చేతుల్లో పెట్టాలి అన్న చర్చలో వారికి ఓటు లేదు. అయినా ఇంటి పెళ్లి సంబంధం తేల్చుకొంటున్నంత పట్టుదలతో వాదించుకొంటారు.

రాయపూర్‌లో పండరీ అనగానే ఎవరికైనా స్ఫురించేది బట్టల బజారు. 2021 నవంబరు 30వ తేదీ రాత్రి ఆ బజారులోని ఒక దుకాణంలో, షట్టరు సగం దించిన తరువాత, ముగ్గురు తెలుగువాళ్లు టెలివిజన్ ముందు కూర్చున్నారు. ఒకరు దుకాణం యజమాని. ఆయన తండ్రి విజయనగరం నుంచి వచ్చే రైలు మార్గం పట్టుకొని బతుకుతెరువు వెతుక్కొంటూ ఈ నగరం చేరినవాడు. రెండవవారు 38 ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న గుమాస్తా, పార్వతీపురం ప్రాంతం మనిషి. మూడవవాడు యజమాని కుమారుడు, కామర్స్ విద్యార్థి.

ఆ రాత్రి ఐ.పి.ఎల్. క్రికెట్ జట్లు తాము అట్టేపెట్టుకొనే ఆటగాళ్ల పేర్లు ప్రకటించాయి. లక్నో, అహమదాబాదు నగరాలకు కొత్తగా జట్లు వచ్చాయి. అందువల్ల పాత జట్లు ఎనిమిదీ తలా నలుగురిని మించి ఉంచుకోరాదని నియమం. తక్కినవారందరినీ వదులుకోవలసిందే. హైదరాబాద్ సన్‌రైజర్స్ ముగ్గురినే ఉంచుకొంది: 14 కోట్లకు కేన్ విలియమ్సన్, చెరి 4 కోట్లకు అబ్దుల్ సమద్, ఉమ్రాన్ మాలిక్. డేవిడ్ వార్నర్ లేడు. రషీద్ ఖాన్ కూడా లేడు.

"సరిగా చూశావా, చిన్నబాబూ? పేరు తప్పిపోయిందేమో!" అన్నాడు గుమాస్తా.

పేరు తప్పిపోలేదు. నిజానికి ఆ కథ మే నెలలోనే ముగిసింది. పోటీలు సగంలో ఉండగానే మే 1న వార్నర్‌ను నాయకత్వం నుంచి తొలగించి విలియమ్సన్‌కు అప్పగించారు. మరునాడు ఆడే పదకొండుమందిలో కూడా అతనికి చోటు దక్కలేదు.

కుర్రవాడు లెక్క చెప్పాడు. "ఈ ఏడు 14 ఆటల్లో మూడే గెలిచాం, తాతా. అట్టడుగున నిలిచాం. వార్నర్ 8 ఆటల్లో కొట్టింది 195 పరుగులు. వయస్సు 35. ముగ్గురినే ఉంచుకొంటే చేతిలో 68 కోట్లు మిగులుతాయి. కొత్త జట్టు కట్టుకోవచ్చు."

"మొన్న 14వ తేదీన ఆస్ట్రేలియా ప్రపంచ కప్పు గెలిచింది కదా, ఆ పోటీలన్నిటిలో ఉత్తమ ఆటగాడు ఎవరు?" అని అడిగాడు గుమాస్తా.

వార్నరే. 289 పరుగులు చేశాడు. కుర్రవాడు మారు పలకలేదు.

యజమాని బాధ వేరు. "వార్నర్ సంగతి సరే. రషీద్‌ను వదులుకోవడమే పెద్ద నష్టం. అంతటి బౌలరు మళ్లీ దొరుకుతాడా?" అన్నాడాయన. ఆ మీదట తండ్రీకొడుకులు బౌలింగు గురించి చాలాసేపు వాదించుకొన్నారు.

గుమాస్తా మనస్సు మాత్రం అయిదేళ్లు వెనక్కు పోయింది. 2016 మే 20న నయా రాయపూర్‌లోని షహీద్ వీర్ నారాయణ్ సింగ్ స్టేడియానికి ఈ ముగ్గురూ కలిసే వెళ్లారు. ఆ మైదానం ఆనాడు ఢిల్లీ జట్టుకు సొంతగడ్డ. అయినా వీళ్లు హైదరాబాద్ పక్షానే కేకలు వేశారు. వార్నర్ 73 పరుగులు చేశాడు. జట్టు మొత్తం 158. చివరి ఓవరు భువనేశ్వర్ కుమార్ వేశాడు. ఆఖరి బంతిని కరుణ్ నాయర్ ఫోరుకు కొట్టడంతో ఢిల్లీ గెలిచింది. ముగ్గురూ మౌనంగా ఇల్లు చేరారు. సరిగ్గా తొమ్మిది రోజులకు, బెంగళూరులో 8 పరుగుల తేడాతో గెలిచి వార్నర్ కప్పు అందుకొన్నాడు. ఆ పోటీల్లో అతని పరుగులు 848. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో "బుట్టబొమ్మ" పాటకు భార్యతో కలిసి అతడు నాట్యం చేస్తే, ఈ ముసలాయన దాన్ని ఫోనులో ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు.

"బాబూ, పరాయి దేశంనుంచి వచ్చినవాడు ఎన్నేళ్లు పనిచేస్తే మనవాడవుతాడు?" అని అడిగాడు గుమాస్తా.

అడిగింది వార్నర్ గురించే. అయితే తండ్రీకొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నారు. ఆయనకు తెలియని సంగతి ఒకటి వారిద్దరికీ తెలుసు. చూపు మందగించిందనీ, బిల్లులన్నీ కంప్యూటరు మీదికి వచ్చాయనీ, మార్చి తరువాత ఆయనను మాన్పించాలనీ ఆ వారమే ఇంట్లో అనుకొన్నారు. యజమాని జవాబు చెప్పలేదు. "పొద్దుపోయింది, బాబాయ్, ఇంటికి పద," అని మాత్రం అన్నాడు.

వార్నర్‌ను తరువాతి వేలంలో ఢిల్లీ 6.25 కోట్లకు కొనుక్కొంది. 2022 మే 5న అతడు హైదరాబాద్ మీదనే 92 పరుగులు చేసి అజేయంగా నిలిచాడు. రషీద్ చేరిన గుజరాత్ ఆ ఏడే కప్పు గెలిచింది. ఉంచుకొన్న విలియమ్సన్‌ను కూడా హైదరాబాద్ ఆ నవంబరులోనే వదిలివేసింది. 2023లో మళ్లీ అట్టడుగు స్థానం.

అంతమాత్రాన ముసలాయన వాదమే నెగ్గిందనడానికి వీలులేదు. 2023 డిసెంబరు వేలంలో 20.5 కోట్లకు తెచ్చుకొన్న పాట్ కమిన్స్ నాయకత్వంలో ఆ జట్టే 2024లో బెంగళూరు మీద 287 పరుగులు చేసి, ఫైనల్ దాకా వెళ్లింది. కుర్రవాడు చెప్పినట్లు కొత్త జట్టు కట్టుకోవచ్చు. కాకపోతే రెండేళ్లు పట్టింది.

మార్చి వచ్చింది, పోయింది. దుకాణంలో మాన్పించే ప్రస్తావన ఎవరూ తేలేదు. బిల్లుల పని మరొకరికి అప్పగించి, పెళ్లి బట్టలకు వచ్చేవారిని కూర్చోబెట్టి మాట్లాడే పని ఆయనకు ఇచ్చారు. అమ్మానాన్నల పెళ్లి చీర ఎంచి ఇచ్చిన మనిషి ఇతడేనా అని అడిగే కుటుంబాలు ఇంకా వస్తూనే ఉన్నాయి.

2024 అక్టోబరు 31న మళ్లీ జాబితా వచ్చింది. క్లాసెన్ 23 కోట్లు, కమిన్స్ 18, అభిషేక్ శర్మ, ట్రావిస్ హెడ్ చెరి 14, నితీశ్ కుమార్ రెడ్డి 6. "నితీశ్‌ది విశాఖపట్నం, తాతా, మనవైపు కుర్రవాడు," అన్నాడు చిన్నబాబు. ముసలాయన సంతోషించాడు. కాసేపాగి, "మరి భువనేశ్వర్?" అన్నాడు.

ఆ పేరు లేదు. మేరఠ్‌నుంచి వచ్చి పదకొండేళ్లు హైదరాబాద్‌కు బంతి వేసినవాడు. బెంగళూరు అతన్ని 10.75 కోట్లకు తీసుకొంది. 2025 జూన్‌లో ఆ జట్టు తొలిసారి కప్పు గెలిచింది.

ఆ రాత్రి గుమాస్తా, "ఇక్కడ ఆ చివరి బంతి వేసింది అతడే కదూ," అని లేచాడు. మరునాటి ఉదయం షట్టరు తాళం తీసింది ఆయనే.